పాటలకు వంతులు

మా సంఘంలో పాటల దగ్గర గొడవ వచ్చిందంటే బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఉద్యోగమంతా కాలవ నీళ్ళు పంచినవాణ్ణి నేను. నీళ్ళ గొడవకీ మొదట అందరూ నవ్వేవారే. చేను బీటలిచ్చాక ఒక్కడూ నవ్వలేదు.

నా పేరు బర్నబా. నీటిపారుదల శాఖలో సూపర్నెంటుగా రిటైరయ్యాను. గోదావరి కాలవగట్టు మీదున్న మా సీయోను మందిరం కమిటీకి ప్రస్తుతం కార్యదర్శిని. ఏ రైతు తూము ఎప్పుడెత్తాలో, ఎప్పుడు దించాలో రాసిపెట్టి, ఆ ప్రకారం నడిపించిన చెయ్యి నాది. అలాంటి చేతికి పాటలు ఒక లెక్కా అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

గొడవ మొదలైన ఆదివారం నాకు బాగా గుర్తుంది. మా మందిరంలో బలిపీఠానికి ఎడమవైపు హార్మోనియం ఉంటుంది. దాని ముందు నతానియేలు మేస్టారు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఆయన చుట్టూ డోలక్కు, తాళాలు, కీర్తనలు చరణం విడవకుండా పాడే పెద్దలు. కుడివైపు గిటార్లు, కీబోర్డు, డ్రమ్ములు. ఆ డ్రమ్ములు వాయించేది మా అమ్మాయి జెమీమా. పిల్ల బ్యాంకులో పనిచేస్తుంది, ఇంట్లో గిన్నె కిందపెడితే చప్పుడు కాదు. డ్రమ్ముల ముందు కూర్చుందంటే మాత్రం మందిరం రేకులు లేచిపోతాయి.

ఆ రోజు పాస్టరుగారు, అంటే మా తీతు అయ్యగారు, పాట ప్రకటించారు. ఎవరు ఎత్తుకోవాలో చెప్పలేదు. ఎడమవైపు మేస్టారు ఎత్తుకున్నారు, కుడివైపు మా అమ్మాయి బృందం ఎత్తుకుంది. పాట ఒకటే. మేస్టారిది ఎడ్లబండి, వీళ్ళది ఎక్స్‌ప్రెస్సు. మేస్టారు మొదటి చరణం దాటేలోపు వీళ్ళు పాట ముగించి, పల్లవి చివరి ముక్క పట్టుకుని మళ్ళీ మళ్ళీ పాడుతూ గెంతడం మొదలుపెట్టారు. సంఘంలో సగంమంది లేచి చప్పట్లు కొడుతున్నారు. సగంమంది కూర్చుని తలలూపుతున్నారు. ఎవరూ తగ్గలేదు. అయ్యగారు బైబిలు తెరిచి పట్టుకుని నిలబడ్డారు, నిలబడ్డారు, చివరికి ప్రసంగం వేళ దాటిపోయి ఆశీర్వాదం ఇచ్చి పంపేశారు. గేటు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. మా ప్రెసిడెంటు ఎలియాజరు గారు కాలేజీ ప్రిన్సిపాలుగా చేశారు. ఆయన మంచినీళ్ళు అడిగినా ప్రసంగంలానే ఉంటుంది.

"సోదరులారా, అభిరుచి అనునది ఆత్మకు సంబంధించిన అంశము. దానిపై బలప్రయోగము గర్హనీయము. కావున ఈ సమస్యకు సమగ్రమును, శాశ్వతమును అయిన పరిష్కారమును కార్యదర్శిగారు ప్రతిపాదింతురు గాక" అన్నారు.

నేను ప్రతిపాదించాను. వంతుల విధానం. నిబంధన నేనే స్వయంగా రాశాను: "ఏ విశ్వాసినీ తన అభిరుచికి విరుద్ధమైన బాణీలో దేవుణ్ణి స్తుతించవలసిందిగా నిర్బంధించరాదు. ఎవరి బాణీకి వారి వంతు." చదివి వినిపిస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఏకగ్రీవంగా ఆమోదించారు.

మొదట రెండే వంతులు. ఉదయం కీర్తన విభాగం, ఎండెక్కాక రాక్ విభాగం. మొదటివారం ఎంత హాయిగా జరిగిందంటే, అయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ప్రసంగం రెండుసార్లు చెప్పాల్సివచ్చినా ఆయన ఏమీ అనుకోలేదు.

రెండోవారం కీర్తన విభాగంలోంచి ఒక అర్జీ వచ్చింది. చరణాలన్నీ పాడాలనేవారితో కలిసి పాడటం తమవల్ల కాదనీ, ఒకటి, రెండు, ఆఖరు చరణాలు చాలుననేవారికి వేరే వంతు కావాలనీ. న్యాయమే కదా, ఇచ్చాం. వెంటనే డోలక్కు వద్దనేవారు వచ్చారు. రాక్ విభాగం వాళ్ళు ఊరుకుంటారా? గెంతేవారు, గెంతనివారు విడిపోయారు. గెంతనివారిలో కళ్ళు మూసుకుని చేతులెత్తేవారు, కళ్ళు తెరిచి చేతులెత్తేవారు విడిపోయారు. పల్లవి ఆఖరి ముక్కని అలిసిపోయేదాకా పాడాలనేవారికీ, అర్థమయ్యేదాకా పాడితే చాలుననేవారికీ మధ్య జరిగిన వాగ్వాదాన్ని నేను ఇక్కడ రాయను. ఇద్దరికీ వంతులిచ్చాం.

పాల్సన్ తాతగారని ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన కర్ర తాటిస్తూ కమిటీ గదిలోకి వచ్చి, "నాకు ఏ పాటా పడదు బాబూ. చిన్నప్పట్నించీ పడదు. ఇన్నాళ్ళూ మొహమాటానికి నోరాడించాను" అన్నారు. ప్రెసిడెంటుగారు లేచి నిలబడి, "అభిరుచి లేకుండుటయు ఒక అభిరుచియే" అని తీర్పు చెప్పారు. అలా మౌన విభాగం ఏర్పడింది. సభ్యుడు ఒక్కరే. ఆ వంతులో అయ్యగారు ఆయనకొక్కరికే ప్రసంగం చెబుతారు, ఆయన హాయిగా కునుకు తీస్తారు. అన్ని విభాగాల్లోకీ క్రమశిక్షణ ఉన్న విభాగం అదేనని నా అభిప్రాయం.

ఇహ ఆదివారం తెల్లారకముందే మొదలై పొద్దుగుంకాక గానీ అయ్యేది కాదు. ఒక్కో ఇంట్లో మొగుడిది ఒక వంతు, పెళ్ళాందొక వంతు, అత్తగారిదొక వంతు. ఆదివారం మాంసం ఎవరు వండాలో తేలక ఊళ్ళో హోటళ్ళు బాగుపడ్డాయి. ఒకే ప్రసంగం చెప్పీ చెప్పీ అయ్యగారి గొంతు పోయింది. సంజ్ఞలతో ఆశీర్వాదం ఇస్తున్నారు. మావిడ సంతోషమ్మ ఆయనకి మిరియాల కషాయం పంపిస్తూ, "మీ వంతులు మండిపోనూ, దేవుడికైనా ఆదివారం విశ్రాంతి ఉందిగానీ ఆయనకి లేకుండా చేశారు" అంది. ఆడవాళ్ళకి పరిపాలన అర్థం కాదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, జనం ఒక విభాగంలో పేరు రాయించుకుని ఇంకో విభాగంలో ఆనందిస్తున్నారు. నీళ్ళ దొంగతనం తెలిసినవాణ్ణి, నాకు ఇది కొత్త కాదు. రాత్రి గండి కొట్టి పక్క చేనుకి నీళ్ళు మళ్ళించడం ఎలాంటిదో, కీర్తన విభాగంవాడు కిటికీ పక్కన నిలబడి గిటారు వినడమూ అలాంటిదే. దీన్ని పట్టుకోవడం ఎలా?

మా మందిరంలో చెప్పులు గుమ్మం బయట విప్పుతాం. చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. కాళ్ళు అందరివీ కనపడతాయి. మొహాన్ని మనిషి దాచగలడుగానీ పాట నచ్చినప్పుడు కాలి బొటనవేలిని దాచలేడు. ఆ సంగతి కనిపెట్టింది నేనే. "అన్య విభాగపు బాణీకి ఎవరి బొటనవేలు కదలునో వారు ఆ విభాగమునకు తక్షణమే బదిలీ చేయబడుదురు" అని నిబంధన తెచ్చాం. పరిశీలన బాధ్యత నాకే అప్పగించారు. వంగి వంగి నడుం పట్టేసినా ఒక్క ఆదివారం నాగా పెట్టలేదు. కొందరు మేజోళ్ళు తొడుక్కుని రావడం మొదలుపెట్టారు. మేజోళ్ళని నిషేధించాం.

అంతా సవ్యంగా నడుస్తున్న ఆ రోజుల్లోనే మా జెమీమాకి సంబంధం కుదిరింది. పిల్లవాడెవరో కాదు, నతానియేలు మేస్టారి ఒక్కగానొక్క కొడుకు ఫిలెమోను. మస్కట్‌లో ఆస్పత్రి నర్సు, సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాడు. నెమ్మదైనవాడు, తాళాలు బాగా వేస్తాడు. వాళ్ళిద్దరికీ ముందే పరిచయం ఉందనీ, డ్రమ్ములవైపు నించి తాళాలవైపుకి చూపులు నడిచాయనీ మావిడ తరవాత చెప్పింది. నేను వేళ్ళు చూస్తూ కళ్ళు చూడ్డం మరిచిపోయాను.

ముహూర్తాల పట్టింపు మాకు లేదుగానీ ఒక పట్టింపు ఉంది. ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. అవి దగ్గరపడ్డాయి, ఈలోపే పెళ్ళి అయిపోవాలి. ఈస్టరు దాటేదాకా ఆగుదామంటే పిల్లవాడి సెలవు అయిపోతుంది. మళ్ళీ సెలవంటే రెండేళ్ళు.

"దానికేముంది, ప్రకటనలు చదివించేద్దాం" అన్నాను.

మా సంఘంలో పెళ్ళికి ముందు ప్రకటన చదవాలి. ఫలానా వధువుకీ ఫలానా వరుడికీ వివాహం, ఎవరికైనా ఆటంకం తెలిస్తే చెప్పండి, అని. అది చదవకపోతే పెళ్ళి చెల్లదు. నేను సంఘ నియమావళి తీసి చూపించబోయి, చూసి, కుర్చీలో కూలబడ్డాను. "సర్వసంఘము ఒక్కచోట కూడియున్నప్పుడు" చదవవలెను అని ఉంది.

సర్వసంఘం ఒక్కచోట కూడటం అనేది నేనే రద్దు చేశాను.

జెమీమా నా ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. "నాన్నా, నీ వంతుల కోసం నా పెళ్ళి ఆపేస్తావా?" అంది. కళ్ళనిండా నీళ్ళు. నా ప్రాణం ఉసూరుమంది.

"ఆపనమ్మా. నిబంధనకి సవరణ తెస్తాను. రేపే కమిటీ పిలుస్తాను" అన్నాను.

పిలిచాను. ప్రెసిడెంటుగారు వచ్చారు. రాక్ విభాగం ప్రతినిధి అబిషై వచ్చాడు. కీర్తన విభాగం ప్రతినిధిగా మా కాబోయే వియ్యంకుడు మేస్టారే వచ్చారు. వంతులు పెట్టాక విభాగాల ప్రతినిధులు కమిటీలో కూర్చోవడం అదే మొదలు.

"పాటతో ప్రారంభిద్దాం" అన్నాను అలవాటుగా. మా దగ్గర పాట పాడకుండా ఏ సభా మొదలవదు. పాట లేకుండా జరిగిన తీర్మానం చెల్లదు కూడా.

మేస్టారు గొంతు సవరించుకున్నారు. అబిషై చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండాగండి మేస్టారూ. మీ బాణీలో నన్ను పాడమనకూడదండి. రూలుందండి."

"పోనీ నువ్వే ఎత్తుకో బాబూ" అన్నారు మేస్టారు.

"అది ఈయన హక్కునకు భంగము" అన్నారు ప్రెసిడెంటుగారు. "ఉభయులలో ఎవరు పాడినను నిబంధన ఉల్లంఘింపబడును. నిబంధనను సవరించుటకు సభ జరుగవలెను. సభ జరుగుటకు పాట పాడవలెను. పాట పాడుటకు నిబంధన సవరింపబడవలెను." ఆయన ముచ్చటపడ్డట్టు నావైపు చూశారు. "బర్నబా గారూ, ఎంత దిట్టముగా వ్రాసితిరండీ!"

నేను సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"అయినను," అని ఆయన మళ్ళీ అందుకున్నారు, "ఈ వివాహ విషయమున నాకొక మౌలికమైన సందేహము కలదు. వధువు రాక్. వరుడు కీర్తన. అందునా చరణములన్నియు పాడువారు. రేపు వీరికి కలుగు శిశువునకు జోలపాట ఏ విభాగమువారు పాడవలెను? శిశువు ఏ వంతున నిద్రించవలెను? ఇది అభిరుచుల సంకరము. ప్రకటన వేళ నేను ఆటంకము తెలుపక తప్పదు."

మేస్టారు కండువాతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయారు. నేను ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను.

సంతోషమ్మ మొత్తం విని, "ఆ పుస్తకం ఇలా తెండి" అంది. నియమావళి అక్షరం అక్షరం చదివించుకుంది. "సర్వసంఘం కూడాలని ఉంది. ఆరాధనలోనే కూడాలని ఉందా?"

"లేదు."

"మూడుసార్లు చదవాలని ఉంది. మూడు ఆదివారాలని ఉందా?"

చూశాను. లేదు. మూడు పర్యాయములు అనే ఉంది. మూడు ఆదివారాలు చదవడం మా అలవాటు, అంతే.

"భోజనానికి పాట కావాలా?"

"భోజనానికి ప్రార్థన చాలు" అన్నాను. నాకింకా అర్థం కాలేదు.

"అయితే ఎల్లి పడుకోండి" అంది.

మర్నాటికి కబురు ఊరంతా పాకిపోయింది. శనివారం మందిరం ఆవరణలో ప్రేమవిందు. మటన్ బిర్యానీ. ఒకే బంతి, రెండో బంతి లేదు. ఆ చివరిముక్క మా ఆవిడ కావాలనే వేసింది. రెండో బంతికి ముక్కలుండవని తెలిసినవాడెవడూ ఆలస్యం చెయ్యడు.

శనివారం మధ్యాహ్నం చూద్దును కదా, మందిరం ముందు షామియానా కింద అందరూ ఉన్నారు. గెంతేవారి పక్కన గెంతనివారు, డోలక్కు వద్దనేవారి పక్కన డోలక్కాయన. కళ్ళు మూసేవారూ తెరిచేవారూ అందరూ కళ్ళు తెరుచుకుని డేగిసాలవైపే చూస్తున్నారు. మౌన విభాగం పూర్తి హాజరుతో విచ్చేసి ముందు వరసలో విస్తరి వేసుకుంది. సర్వసంఘం ఒక్కచోట కూడియుంది. కమిటీ కార్యదర్శిగా నేను ధ్రువీకరించాను.

వడ్డన మొదలైంది. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళేవేళకి అయ్యగారు మైకు పట్టుకుని లేచారు. కషాయాల పుణ్యమా అని గొంతు కొంచెం వచ్చింది. "ఈ సంఘపు జెమీమాకును, ఈ సంఘపు ఫిలెమోనుకును..." అని మొదటి పర్యాయం చదివారు. "ఎవరికైనను ఆటంకము తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

ఎలియాజరు గారు ఉలిక్కిపడి లేచారు. నోటినిండా బిర్యానీ. చెయ్యెత్తుదామంటే కుడిచెయ్యి నిండా మసాలా, ఎడంచెయ్యి ఎత్తితే మర్యాద కాదు. మోచెయ్యి పైకెత్తి "ఊ... ఊ..." అన్నారు.

"అయ్యో, ప్రెసిడెంటుగారికి మూలుగెముక రాలేదంట! తొందరగా వెయ్యండమ్మా" అని కేకేసింది సంతోషమ్మ. నలుగురు ఆడవాళ్ళు నాలుగువైపుల నించి వచ్చి వేశారు. ఆయన విస్తరి చూసుకున్నారు, మా మొహాలు చూశారు, కూర్చున్నారు.

పెరుగుచట్నీ వడ్డిస్తుండగా రెండో పర్యాయం. అప్పటికి ఆయన ఎముకతో హోరాహోరీగా ఉన్నారు. సేమ్యా పాయసం వడ్డిస్తుండగా మూడోది. "ఎవరికైనను ఆటంకము...?" అన్నారు అయ్యగారు. జుర్రుకోవడం తప్ప ఏ చప్పుడూ లేదు. చివరికి పాల్సన్ తాతగారు పెద్దగా త్రేన్చారు. దాన్ని సమ్మతిగా రాసుకున్నాను.

అయిపోయింది. నా కూతురి పెళ్ళికి అడ్డు తొలగింది.

జెమీమా ఖాళీ డేగిసా పక్కన నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీదు. చేతిలో గరిటె ఉంది. ఆ గరిటెతో డేగిసా అంచుమీద మెల్లిగా కొట్టింది, తనకే తెలియనట్టు. నతానియేలు మేస్టారు పాయసం గ్లాసు కిందపెట్టారు. ఒక్కసారి తలూపి, ఆ దరువుమీద కీర్తన ఎత్తుకున్నారు. ఎడ్లబండి కాదు, ఎక్స్‌ప్రెస్సూ కాదు, మధ్యస్తంగా. ఫిలెమోను రెండు స్టీలు గ్లాసులు తాళాలుగా పట్టాడు. అబిషై నోటితోనే గిటారు వాయించాడు. ఎంగిలి చేతులతో బంతి బంతంతా పాడింది, చరణాలన్నీ పాడింది, పల్లవి ఆఖరి ముక్క అలిసిపోయేదాకా పాడింది. అయ్యగారు ఏడుస్తూ నవ్వారు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోను.

అయినా విధి విధే కదా. వంగి చూశాను. వరసల్లో బొటనవేళ్ళన్నీ ఆడుతున్నాయి. ప్రెసిడెంటుగారివి రెండూ ఆడుతున్నాయి.

ఆ సాయంత్రమే ఉత్తర్వులు తయారుచేశాను. నిబంధన ప్రకారం కీర్తనవాళ్ళు రాక్‌కి బదిలీ, రాక్‌వాళ్ళు కీర్తనకి బదిలీ, అందరి వేళ్ళూ అన్నిటికీ ఆడాయి కాబట్టి అందరూ అన్ని విభాగాలకీ బదిలీ. అందరూ అన్నిట్లో ఉంటే వంతు ఒకటే అవుతుంది. ఆదివారం ఉదయం, పాత వేళకే, పెళ్ళి హడావిడి అయ్యాక అమలు. సవరణ అక్కర్లేదు, సభ అక్కర్లేదు. నా నిబంధన తనంతట తానే సంఘాన్ని ఏకం చేసింది. మావిడ బిర్యానీ వల్ల అయిందని ఊళ్ళో అనుకుంటున్నారు. జనం అలాగే అంటారు.

శ్రమదినాలకి ముందే పెళ్ళి జరిగింది. అల్లుడు మస్కట్ వెళ్ళాడు. వీసా వచ్చేదాకా అమ్మాయి అత్తారింట్లో ఉంది. ఆ తరవాతి ఆదివారం సర్వసంఘం పాత వేళకి మందిరంలో కూర్చుంది. ఎడమవైపు హార్మోనియం ముందు మామగారు, కుడివైపు డ్రమ్ముల ముందు కోడలు. అయ్యగారు పాట ప్రకటించారు. ఎవరు ఎత్తుకోవాలో మళ్ళీ చెప్పలేదు.

నేను హార్మోనియంవైపు చూశాను.

మేస్టారు వేళ్ళు మెట్లమీద పెట్టి, పెట్టినట్టే ఆగారు. కుడివైపు తిరిగి, "ముందు నువ్వు ఎత్తుకోమ్మా" అన్నారు.

జెమీమా కర్రలు ఒళ్ళో పెట్టుకుంది. "అయ్యో, మీరుండగానా మావయ్యగారూ? మీరు కానివ్వండి."

"కాదమ్మా, నీ తరవాతే నేను."

"వద్దండీ, పెద్దవారు. మీరే."

"ఆయ్, నా మాట విను తల్లీ."

ఇద్దరూ తగ్గలేదు. డోలక్కాయన గిటారువైపు చూశాడు, గిటారబ్బాయి డోలక్కువైపు చూశాడు. ప్రెసిడెంటుగారు ఏదో అనబోయి మొదటి మాట దొరక్క ఆగిపోయారు. అయ్యగారు బైబిలు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. సంఘమంతా చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, చడీచప్పుడూ లేకుండా కూర్చుంది. గోడ మీద బల్లి అరిస్తే వినపడింది.

ముందు వరసలో పాల్సన్ తాతగారు కళ్ళు తెరిచారు. చుట్టూ చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఎన్నాళ్ళకి, బాబూ," అన్నారు కర్ర ఒడిలో పెట్టుకుంటూ, "ఎన్నాళ్ళకి అందరూ నా విభాగానికొచ్చారు!"

ఎవరు ముందు ఎత్తుకోవాలన్నదానికి ఒక నిబంధన ఉండి తీరాలని నాకు ఆ క్షణమే తోచింది. జేబులో పెన్ను కోసం తడుముకుంటూ అలవాటుగా కిందికి చూశాను. మందిరంలో ఇంకా ఒక్క స్వరం లేవలేదు. నా బొటనవేలు మాత్రం అప్పుడే ఆడుతోంది. ఎవరైనా చూస్తారేమోనని కండువా కప్పేశాను.